దసరా సెలవుల్లో ముక్తినాథ్: బస్సా, జీపా, విమానమా?

మధ్యలో వచ్చి చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. విజయవాడ నుంచి ఆరుగురు: 68 ఏళ్ల నాన్నగారు, 64 ఏళ్ల అమ్మగారు, మీరిద్దరు, మీ చెల్లెలు, తొమ్మిదేళ్ల బాబు. దసరా సెలవుల్లో ఎనిమిది రోజులు నేపాల్. ఖాట్మండు, పోఖరా, ముక్తినాథ్ చూడాలి, వీలైతే జనక్‌పూర్ కూడా. గోరఖ్‌పూర్‌లోనే ఒక ఇన్నోవా మాట్లాడుకుని అన్నీ దాంట్లోనే తిరిగేయొచ్చా, లేక అక్కడి బస్సులూ విమానాలూ నమ్ముకోవచ్చా అన్నది మీ సందేహం.

నేను ఖాట్మండులో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. ఇక్కడికి వచ్చేశాక కూడా దాదాపు ఏడాదికోసారి చుట్టాలనో, మా వీధివాళ్లనో వెంటబెట్టుకుని వెళ్తున్నాను. ఇన్నేళ్లలో నేను తిన్న దెబ్బల్లో సగం ఒక్క తప్పు వల్లే: మ్యాపులో కిలోమీటర్లు చూసి, మన హైవే లెక్కన గంటలు వేసుకోవడం. నేపాల్ కొండల్లో ప్రయాణాన్ని ఉదయాలతో లెక్క వేసుకోవాలి. చిన్న విమానం ఎగిరేది ఉదయమే, జీపు బయల్దేరాల్సింది ఉదయమే, మంచు కొండలు కనపడేదీ ఉదయమే. మధ్యాహ్నం దాటాక మబ్బు, గాలి, ట్రాఫిక్. ఎనిమిది రోజులంటే మీకు మిగిలేది ఏడు ఉదయాలు. అందులో ఒకటి ఏ పనీ పెట్టుకోకుండా వదిలేయాలి. మిగతా ఆరూ ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే అసలు లెక్క.

దానికంటే ముందు కాగితాల సంగతి తేల్చుకోండి. మనకు నేపాల్‌కు వీసా అక్కర్లేదు, నిజమే. కానీ అందరూ ఆధార్‌తో వెళ్లిపోవచ్చనుకోవద్దు. పెద్దవాళ్లకు పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. 15 ఏళ్ల లోపు పిల్లలకూ, 65 దాటినవాళ్లకూ మాత్రమే వయసు, ఫొటో ఉన్న ఆధార్ లాంటి కార్డు చెల్లుతుంది. మీ ఇంటికే అన్వయించి చూడండి. నాన్నగారు ఆధార్‌తో వెళ్తారు, బాబు వెళ్తాడు, 64 ఏళ్ల అమ్మగారిని మాత్రం చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆపేస్తారు. మా గ్రూపులో ఒకావిడకు ఢిల్లీలో సరిగ్గా ఇదే జరిగింది. ఆవిడా, ఆవిడకు తోడుగా కొడుకూ అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. కాబట్టి అమ్మగారి ఓటరు కార్డు ఈ వారమే వెతికి పెట్టుకోండి.

రెండోది దసరా. మన దసరాయే వాళ్ల దశైం, అదే వాళ్లకు ఏడాదిలో పెద్ద పండగ. సంక్రాంతికి ముందు రోజు పంతంగి టోల్‌గేట్ దగ్గర మన రోడ్డు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఖాట్మండు నుంచి బయటికి వెళ్లే దారి నవరాత్రుల్లో, ముఖ్యంగా ఏడో రోజు ఫూల్‌పాతీకి ముందు, అలా ఉంటుంది. తేడా ఏమిటంటే అక్కడ నాలుగు లైన్లు ఉండవు, ఒక పక్క కొండ, ఇంకో పక్క త్రిశూలి నది. బస్సు పైన మేకలు కూడా ఊరికి బయల్దేరతాయి. పదో రోజు టీకా. పెద్దవాళ్ల ఇంటికి వెళ్లి పెరుగు, బియ్యం, కుంకుమ కలిపిన టీకా పెట్టించుకుని దీవెనలు తీసుకునే రోజు. డ్రైవర్లూ మనుషులేగా, వాళ్లూ ఇళ్లకు వెళ్లిపోతారు. ఆ రోజు కొత్త ఊళ్లో బండి దొరకడం కష్టం, దొరికినా చెప్పిందే రేటు.

అయితే ఇదే మీకు కలిసొచ్చేలా చేసుకోవచ్చు. జనం అంతా ఖాట్మండు వదిలి వెళ్తారు గనక, ఆ వారంలో ఖాట్మండు వైపు వచ్చే దారి కాస్త తేలిక. టీకా రోజున నగరం బోసిపోతుంది. మామూలు రోజుల్లో గంట పట్టే చోటికి ఇరవై నిమిషాల్లో చేరతారు. అందుకే ఖాట్మండును మొదట చూడొద్దు, చివరికి పెట్టుకోండి. దిగిన మర్నాడు ఉదయమే విమానంలో పోఖరా వెళ్లిపోండి. తిరిగి రావడం రోడ్డు మీద పెట్టుకోండి.

ఇప్పుడు గోరఖ్‌పూర్ ఇన్నోవా సంగతి. విజయవాడ నుంచి రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గోరఖ్‌పూర్ చేరొచ్చు. రైల్లోనే ఒక రోజు దాటిపోతుంది. అక్కడి నుంచి సునౌలీ సరిహద్దు సుమారు 100 కిలోమీటర్లు. సరిహద్దు దాటితే భైరహవా, దానికి ఇరవై పైచిలుకు కిలోమీటర్లలో లుంబినీ. ఆ పక్క నుంచి పాల్పా మీదుగా పోఖరాకు సుమారు 180 కిలోమీటర్లు, కొండ మలుపుల్లో ఏడెనిమిది గంటలకు తక్కువ పట్టదు. అంటే పోఖరా చేరేసరికే మీ ఎనిమిది రోజుల్లో మూడు అయిపోయాయి. రానూపోనూ లెక్కేస్తే ముక్తినాథ్‌కు రోజులే మిగలవు. పన్నెండు, పదిహేను రోజులు చేతిలో ఉండి, కాశీ, అయోధ్య, లుంబినీ కూడా కలుపుకుని వెళ్లేవాళ్లకు ఇది మంచి దారి. మీకు కాదు.

బండి విషయంలో ఇంకో మాట. మన నంబరు ప్లేటు ఉన్న బండి నేపాల్లోకి వెళ్లాలంటే సరిహద్దులో భన్సార్ కట్టాలి, అంటే కస్టమ్స్ చీటీ. అది రోజుల లెక్కన ఉంటుంది. సొంత కారైతే ఏడాదికి 30 రోజుల వరకు అనుమతి. టాక్సీ అయితే భన్సార్‌తో పాటు వాళ్ల రవాణా శాఖ పర్మిట్ కూడా కావాలి. చీటీలో రాసిన రోజులు దాటితే జరిమానా. పండగ రోజుల్లో ఆ కౌంటర్ దగ్గరే సగం రోజు పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మైదానంలో నడిపే డ్రైవరుకు ముక్తినాథ్ దారిలో బేనీ అనే ఊరు దాటాక వచ్చే కొండ రోడ్డు కొత్త. ఎదురుగా బస్సు వస్తే వంద మీటర్లు రివర్స్‌లో వెళ్లి పక్కకు తీసుకోవాల్సిన చోట్లు ఉంటాయి. అక్కడ అలవాటైన చెయ్యి కావాలి. అందుకే అక్కడి బండే తీసుకోండి. నేపాల్లో ప్లేటు రంగు చూస్తే బండి ఏమిటో తెలిసిపోతుంది: ఎరుపుది సొంత బండి, నలుపుది అద్దె బండి లేదా బస్సు, ఆకుపచ్చది టూరిస్టు బండి. ఎర్ర ప్లేటు బండి తక్కువకు వస్తానంటే సరదా పడొద్దు, చెక్‌పోస్టులో దించేస్తే దిక్కులేదు.

కాబట్టి మీరు ఢిల్లీ మీదుగా విమానంలో ఖాట్మండు దిగండి. అక్కడి నుంచి పోఖరాకు మూడు దారులు.

విమానం 25, 30 నిమిషాలు. వెళ్లేటప్పుడు కుడి వైపు సీటు అడగండి, హిమాలయాలు అటే. దేశీయ విమానాల్లో నేపాలీలకు ఒక రేటు, మనకు ఒక రేటు, మిగతా విదేశీయులకు డాలర్లలో ఇంకో రేటు ఉంటుంది. బుక్ చేసేటప్పుడు ఇండియన్ అని పెట్టడం మర్చిపోతే డాలరు రేటు పడిపోతుంది. దశైంకు ఈ సీట్లు వారాల ముందే అయిపోతాయి, ఇప్పుడే తీసుకోండి.

టూరిస్టు బస్సు ఉదయం ఏడింటికి బయల్దేరుతుంది. దూరం 200 కిలోమీటర్లు. పృథ్వీ హైవే వెడల్పు పనులు కొన్నేళ్లుగా సాగుతున్నాయి, ఏడు గంటలని టికెట్ మీద ఉన్నా తొమ్మిది, పది గంటలకు సిద్ధపడండి. మామూలు టూరిస్టు బస్సుకు మనిషికి వెయ్యి నేపాలీ రూపాయలకు అటూ ఇటూ, ‘సోఫా సీటర్’ అని బోర్డు పెట్టుకున్నవాటికి ఎక్కువ. కుర్రాళ్లయితే నేను దీన్నే ఎక్కమంటాను. దారిలో దాల్‌భాత్ కోసం ఆపుతాడు, అన్నం పప్పు ఎంత కావాలంటే అంత మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. మనవాళ్లకు ఆవకాయ ఒక్కటే తక్కువ. కానీ 68 ఏళ్ల మనిషికి బాత్రూం అవసరం బస్సువాడి టైము ప్రకారం రాదు కదా.

మూడోది ‘రిజర్వ్’. బండి మొత్తం మాట్లాడుకోవడాన్ని అక్కడ అలాగే అంటారు. ఆరుగురికి, సామానుకు స్కార్పియో ఇరుకు, హయస్ వ్యాను సుఖం. ఈ మధ్య బ్యాటరీ మీద నడిచే మైక్రో వ్యాన్లు బాగా వచ్చాయి, శబ్దం లేదు, కుదుపు తక్కువ. తిరుగు ప్రయాణం పోఖరా నుంచి ఖాట్మండుకు ఇలా రండి.

రాత్రి బస్సు మాత్రం వద్దు. ఒక హోటల్ ఖర్చు మిగులుతుంది కదా అని చాలామంది ఎక్కుతారు. 2024 జులై 12 తెల్లవారుజామున నారాయణ్‌ఘాట్–ముగ్లింగ్ రోడ్డులో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులను త్రిశూలిలోకి తోసేసింది. అరవై మందికి పైగా ఉన్నారు వాటిలో. కొండ నుంచి రాయి రాలడం పగలైతే డ్రైవరుకు కనిపిస్తుంది, ఆపుతాడు. రాత్రి కనిపించదు. వానలు అయిపోయాయిగా అంటారేమో, అదే ఏడాది సెప్టెంబరు చివర్లో కురిసిన వాన ఖాట్మండు లోయనే ముంచేసింది, తూర్పున బీపీ హైవేను కిలోమీటర్ల కొద్దీ కోసేసింది. పండగ ముందర ఇలాంటిది ఎప్పుడైనా రావచ్చు. ‘పహిరో’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, కొండచరియ పడిందని అర్థం. హోటల్లో ఎవరి నోటైనా ఆ మాట వినిపిస్తే బయల్దేరే ముందు ఎక్కడో, ఎప్పుడు తీస్తారో అడగండి.

ఇక అసలు విషయం, ముక్తినాథ్.

మన వైష్ణవులకు ఇది 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం. ఊరి ఎత్తు 3,700 మీటర్లు దాటి ఉంటుంది. పోఖరా ఎత్తు సుమారు 820 మీటర్లే. ఈ రెండు అంకెల మధ్య తేడాయే మీ ప్రయాణాన్ని నిర్ణయించాలి, టికెట్ ధర కాదు. పోఖరా నుంచి జోమ్సమ్‌కు చిన్న విమానం ఉంది, ఇరవై నిమిషాలు. ఒక పక్క అన్నపూర్ణ, ఇంకో పక్క ధవళగిరి, రెండూ ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండలు, మధ్యలో కాళీ గండకి లోయ. ఆ లోయలోంచే విమానం దూరి వెళ్తుంది. జోమ్సమ్ 2,700 మీటర్లు. అక్కడి నుంచి జీపులో ఇరవై పైచిలుకు కిలోమీటర్లు వెళ్తే ముక్తినాథ్.

వినడానికి బాగుంటుంది. ఇబ్బంది గాలితో వస్తుంది. పొద్దెక్కాక పైన ముస్తాంగ్ పీఠభూమి వేడెక్కి, కింద నుంచి చల్లగాలిని లోయ గుండా లాక్కుంటుంది. పది, పదకొండు దాటితే జోమ్సమ్‌లో మనిషి నిలబడలేనంత గాలి. కాబట్టి రోజు మొత్తం విమానాలు తెల్లవారిన మూడు నాలుగు గంటల్లోనే తిరగాలి. ఆ లోపు మబ్బు పట్టిందా, ఆ రోజుకు అంతే. మర్నాటికి మర్నాటి టికెట్ల వాళ్లు ఉంటారు, మీరు ఆ తర్వాత.

మా పెద్దమ్మను తీసుకెళ్లినప్పుడు పోఖరాలో రెండు ఉదయాలు ఇలాగే పోగొట్టుకున్నాం. నాలుగింటికి లేచి, స్నానాలు చేసి, ఎయిర్‌పోర్టులో కూచుని, తొమ్మిదింటికి ‘క్యాన్సిల్’ అని విని గదికి రావడం. మూడో రోజు జీపెక్కి వెళ్లాం. దర్శనం అయింది గానీ ఖాట్మండుకు టైము మిగలక పశుపతినాథ్ చూడకుండానే వెనక్కి వచ్చాం. పెద్దమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చాను: ఎక్కేటప్పుడు జీపు, దిగేటప్పుడు విమానం. ఎక్కువమంది ఉల్టా చేస్తారు, వెళ్లేటప్పుడు ఉత్సాహంగా విమానం, వచ్చేటప్పుడు డబ్బులు చూసుకుని జీపు. ఎందుకు తిప్పాలంటే, వెళ్లేటప్పుడు విమానం రద్దయితే దర్శనమే పోతుంది. వచ్చేటప్పుడు రద్దయితే నడుం నొప్పి మాత్రమే, అదే ఉదయం జీపెక్కి సాయంత్రానికి పోఖరా చేరొచ్చు. ఇంకో లాభం, జీపులో ఎక్కితే ఒంటికి ఎత్తు నెమ్మదిగా అలవాటవుతుంది.

జీపు ప్రయాణం ఎలా ఉంటుందో చెప్తాను. పోఖరా నుంచి ఆరింటికల్లా బయల్దేరండి. బేనీ వరకు 80 కిలోమీటర్లు, పర్వాలేదు. బేనీ తర్వాత కాళీ గండకి పక్కనే దారి. తాతోపానీలో వేడినీటి గుండాలు, అక్కడ భోజనం. తాతోపానీ నుంచి ఘాసా వరకు ముక్కే కష్టమైంది. తారు పడ్డ చోట పడింది, లేని చోట బురద, రాళ్లు, వాగులు రోడ్డు మీద నుంచే పారతాయి. రూప్సే జలపాతం దగ్గర అందరూ ఫొటోలకు దిగుతారు, మీరూ దిగండి, నడుం సాగదీసుకోవడానికి. ఘాసా దాటితే లోయ విచ్చుకుంటుంది, పచ్చదనం తగ్గి చుట్టూ బోడికొండలు మొదలవుతాయి. మార్ఫా చేరేసరికి మూడు, నాలుగు. తెల్ల సున్నం గోడల ఊరు, యాపిల్ తోటలు, సన్నటి రాతి సందులు. ఎత్తు సుమారు 2,650 మీటర్లు. ఆ రాత్రికి అక్కడే ఆగండి. ఎలాగైనా ఈ రాత్రే ముక్తినాథ్ చేరిపోదామని డ్రైవరు అంటే ఒప్పుకోవద్దు, పెద్దవాళ్లకు తలనొప్పి, వాంతులు మొదలయ్యేది అలా ఒకే రోజు ఎక్కినప్పుడే.

మర్నాడు ఉదయం జోమ్సమ్, కాగ్బేనీ మీదుగా ఎక్కితే ఎనిమిదింటికి గుడి కిందున్న ఊరు రాణీపౌవాలో ఉంటారు. జోమ్సమ్ నుంచి పైకి రోడ్డు బాగుంటుంది. జీపు రాణీపౌవాలోనే ఆగుతుంది, గుడికి అక్కడి నుంచి ఎక్కుడు దారి, మెట్లు. మామూలు మనిషికి అరగంట, ఆ ఎత్తులో నాన్నగారికి గంట అనుకోండి. గుర్రాలు దొరుకుతాయి, ఎక్కేటప్పుడే ఎక్కించండి, దిగేటప్పుడు నడవొచ్చు. గుడి వెనక గోముఖాల్లాంటి 108 ధారల కింద పరుగెత్తుతూ తడుస్తారు మనవాళ్లు. మంచు నీళ్లు అవి. నాన్నగారికి బీపీ, గుండె మందులు ఏవైనా ఉంటే తల మీద చల్లుకుంటే చాలు. ముందే ఇంట్లో మాట్లాడుకుని వెళ్లండి, అక్కడికి వెళ్లాక భక్తి ముందు మన మాట చెల్లదు. నాన్నగారికి పితృకార్యం చేసే ఆలోచన ఉంటే దానికి కాగ్బేనీ, నది ఒడ్డున. దిగేటప్పుడు ఆగొచ్చు. రాత్రికి మాత్రం జోమ్సమ్‌లో పడుకోండి. ఎయిర్‌పోర్టు ఊరి మధ్యలోనే ఉంటుంది, లాడ్జి నుంచి సంచి మోసుకుని నడిచి వెళ్లిపోవచ్చు.

జీపు మాట్లాడేటప్పుడు రెండు వైపులకూ మాట్లాడండి. విమానం గాల్లోకి లేచేదాకా జోమ్సమ్‌లో ఉండాలి, లేచాక ఖాళీగా వెళ్లిపోవచ్చు అని ముందే చెప్పండి. డబ్బు దండగలా కనిపిస్తుంది. కానీ విమానం రద్దయిన ఉదయం జోమ్సమ్‌లో రెండు వందల మంది ఒక్కసారిగా జీపుల కోసం పరుగెడితే రేటు ఎక్కడికి పోతుందో చూసినవాణ్ని. డ్రైవరు భోజనం, బస, పార్కింగ్ ఎవరివో కూడా తేల్చుకోండి. ఈ ప్రాంతానికి అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతం పర్మిట్ కావాలి. సార్క్ దేశాలవాళ్లకు వెయ్యి నేపాలీ రూపాయలు. పోఖరాలోనే తీసుకోండి.

విమానం గురించి దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. నేపాలీ విమాన సంస్థలన్నిటినీ యూరోపియన్ యూనియన్ 2013 నుంచి తన గగనతలంలోకి రానివ్వడం లేదు. 2022 మేలో ఇదే పోఖరా–జోమ్సమ్ దారిలో విమానం కూలి 22 మంది, 2023 జనవరిలో పోఖరాలో దిగబోతూ కూలి 72 మంది పోయారు. మరి నేనెందుకు ఎక్కుతానంటే, ఆ రోడ్డు కూడా ప్రమాదం లేనిదేమీ కాదు, పది గంటల కుదుపు పెద్దవాళ్లకు మామూలు విషయం కాదు. ఆకాశం తేటగా ఉన్న ఉదయం, మొదటి విమానమైతే ఎక్కుతాను. మబ్బుంటే ఎక్కను, ‘ఎప్పుడు ఎగురుతారు’ అని కౌంటర్ దగ్గర గొడవ కూడా పెట్టుకోను. పైలట్ వద్దన్నాడంటే ఆ మాటకు దణ్ణం పెట్టాలి. మీ ఇంట్లో ఎవరికైనా భయం ఉంటే రెండు వైపులా జీపే పెట్టుకోండి, తప్పేం లేదు.

హెలికాప్టర్ ప్యాకేజీల వాళ్లు మీకు ఫోన్లు చేస్తారు. మామూలుగా అందులో పట్టేది నలుగురైదుగురే, మీరు ఆరుగురు. పైగా పోఖరా నుంచి అరగంటలో నేరుగా 3,700 మీటర్ల మీద దిగడం పెద్దవాళ్లకు మంచిది కాదు. నడవలేని మనిషి ఒక్కరుండి, వేరే దారి లేనప్పుడు సరే.

పోఖరా నుంచి ఖాట్మండు వచ్చే దారిలో కురింటార్ దగ్గర మనకామనా కేబుల్ కారు ఉంది, 1998 నుంచి నడుస్తోంది. త్రిశూలి మీదుగా పది నిమిషాల్లో కొండపైన అమ్మవారి గుడికి చేరుస్తుంది. బలికి తీసుకెళ్లే మేకలకు పోయేదారికి మాత్రమే టికెట్ అమ్ముతారని అక్కడ ఒక జోకు, అది జోకు కాదు, నిజంగానే రేట్ల బోర్డు మీద ఉంటుంది. మామూలు రోజుల్లో తప్పకుండా దిగమనేవాణ్ని. నవరాత్రుల్లో వద్దు, క్యూలోనే రోజు గడిచిపోతుంది.

ఖాట్మండు లోపల తిరగడానికి పథావో, ఇన్‌డ్రైవ్ యాప్‌లు బాగా పనిచేస్తాయి. దానికి నేపాలీ సిమ్ కావాలి, ఎయిర్‌పోర్టులోనే ఒకటి తీసుకోండి. రోడ్డు మీద టాక్సీ ఎక్కితే మీటరు వేయమని అడగడం ఊసుపోకకే. యాప్‌లో రేటు చూసి ఆ అంకె చెప్పి బేరమాడండి. పశుపతినాథ్ ఎయిర్‌పోర్టుకు ఆనుకునే ఉంటుంది, అందుకే ఆ దర్శనాన్ని చివరి రోజు ఉదయం పెట్టుకుని అటు నుంచి అటే విమానానికి వెళ్లొచ్చు. బాబుకు ఒకసారి సఫా టెంపో ఎక్కించండి. బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి, 1990ల నుంచి ఉంది, నడిపేవాళ్లలో చాలామంది ఆడవాళ్లు. రద్దీగా ఉంటుంది, ఒక స్టాపు చాలు.

జనక్‌పూర్‌ను ఈ ట్రిప్పులో వదిలేయండి. అమ్మగారు బాధపడతారని తెలుసు, సీతమ్మ పుట్టిల్లు కదా. కానీ ఖాట్మండు నుంచి రోడ్డున 200 పైచిలుకు కిలోమీటర్లు, అది కూడా 2024 వరదల్లో దెబ్బతిన్న బీపీ హైవే మీద. అసలు అది మన బీహారు నుంచే దగ్గర. దర్భంగా చేరి, జయనగర్‌లో రైలెక్కితే 29 కిలోమీటర్లు. 1937లో వేసిన చిన్న పట్టాల లైను అది. 2014లో ఆపి, బ్రాడ్‌గేజ్ చేసి, 2022 ఏప్రిల్ 2న మళ్లీ మొదలుపెట్టారు. నేపాల్లో ప్రయాణికుల రైలు నడిచేది ఆ ఒక్క లైను మీదే. శ్రీరామనవమికో, మార్గశిరంలో వివాహ పంచమికో వేరే పెట్టుకుంటే నాలుగు రోజుల్లో హాయిగా అయిపోతుంది.

డబ్బు సంగతి. మన వంద వాళ్లకు నూటఅరవై, ఈ లెక్క 1993 నుంచి మారలేదు. జీపువాడు ‘పాతిక వేలు’ అన్నాడంటే ‘ఐసీయా, ఎన్‌సీయా’ అని అక్కడికక్కడే అడగండి. ఐసీ అంటే మన రూపాయి, ఎన్‌సీ అంటే వాళ్ల రూపాయి. అడగకుండా ఊరుకుంటే దిగేటప్పుడు అది ఐసీయే అవుతుంది. పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతూ వచ్చాయి గానీ మన వంద నోటుతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, అవే ఎక్కువ పట్టుకెళ్లండి. 2024 నుంచి మన ఫోన్‌పే (PhonePe) లాంటి యాప్‌లతో అక్కడి ఫోన్‌పే (Fonepay) క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టే వీలు వచ్చింది, పలకడానికి పేరు ఒకటే అయినా అది వేరే సంస్థ. నగరాల్లో పనికొస్తుంది, ముస్తాంగ్ జీపులకు నగదే.

చివరగా, చిన్నవే గానీ నేను ఇరుక్కున్నవి రెండు. నేపాల్ గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందు. ఒకసారి చేతి గడియారం మార్చుకోకుండా ఏడింటి బస్సుకు ‘ఏడుకు ఐదు నిమిషాల ముందే’ వెళ్లి నిలబడ్డాను, బస్సు అప్పటికే పది నిమిషాల కిందట వెళ్లిపోయింది. రెండోది తేదీ. చేత్తో రాసిచ్చే టికెట్ మీద విక్రమ సంవత్సరం తేదీ ఉంటుంది, అదీ దేవనాగరి అంకెల్లో. ఆశ్విన మాసం 20 అని రాస్తే మన అక్టోబరు 20 అనుకున్నవాళ్లను చూశాను. అమ్మగారో, మీ చెల్లెలో హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి ఉంటే అంకెలు చదివే పని వాళ్లకు అప్పగించండి. టికెట్ తీసుకున్న కౌంటర్ దగ్గరే ‘అంటే మన తేదీ ఎంత దాయి’ అని అడిగి, పక్కన ఇంగ్లీషు తేదీ, వారం రాయించుకోండి. దాయి అంటే అన్నయ్య, నేపాల్లో డ్రైవర్ని, కౌంటర్‌లో మనిషిని అలాగే పిలుస్తారు.

విమాన టికెట్లు తీసుకున్నాక తేదీలు ఇక్కడే రాయండి. ఫూల్‌పాతీ, టీకా ఏ రోజుల్లో పడుతున్నాయో చూసి, పోఖరా నుంచి ఏ ఉదయం బయల్దేరాలో చెప్తాను.